దెబ్బ తగలకుండా కమిలితే

వానలు మొదలయ్యాయంటే విజయవాడలో ప్లేట్‌లెట్ల లెక్క ఇంటింటి మాట అవుతుంది. డెంగీ జ్వరాలు నేర్పిన చదువు అది. పటమట రైతుబజారులో వంకాయలు ఏరుకుంటున్న ఇల్లాలిని అడిగినా, లక్షన్నర పైన ఉంటే భయం లేదని, ఇరవై వేలకు దిగితే ఆస్పత్రిలో ఉండాల్సిందేనని చెప్పేస్తుంది. ఈ తెలివిడి మంచిదే. కానీ నెత్తురు ఆగడంలో ప్లేట్‌లెట్లది మొదటి అంకం మాత్రమే. వాటి లెక్క నిక్షేపంగా ఉన్నా ఒళ్లు కమిలిపోయే జబ్బు ఒకటుంది. ఎక్కువగా డెబ్బై దాటినవాళ్లకు వస్తుంది. చాలా అరుదు కాబట్టి ఇంట్లోవాళ్లకే కాదు, చూసిన డాక్టరుకు కూడా చప్పున తట్టదు.

దాని పేరు అక్వైర్డ్ హిమోఫిలియా. అంటే పుట్టుకతో కాక నడుమ వచ్చిన హిమోఫిలియా.

ఇది పట్టే తీరు దాదాపు ఒకేలా ఉంటుంది. ఆ మనిషికి జీవితంలో ఎప్పుడూ రక్తం ఆగని బాధ లేదు. పన్ను పీకించుకున్నప్పుడు ఆగింది, కంటి శుక్లం తీసినప్పుడు ఆగింది, హెర్నియా ఆపరేషన్ నాడూ ఆగింది. అలాంటిది ఒకరోజు స్నానానికి వెళ్తే తొడ మీద అరచేయంత నల్లటి మచ్చ. రెండు రోజులు గడిచేసరికి అది మోకాలి దాకా పాకుతుంది. రక్తపరీక్షకు సూది గుచ్చిన చోటు ఉబ్బుతుంది. "మావయ్యగారూ, ఎక్కడన్నా పడ్డారా?" అని కోడలు అడుగుతుంది. "లేదమ్మా, ఎక్కడా తగల్లేదే" అంటాడాయన. ఈ జబ్బుకు దొరికే తొలి ఆధారం ఆ జవాబే. ఇంట్లో మాత్రం దానికి విలువ ఉండదు. మంచం కోడు తగిలి ఉంటుంది, ఆయనకు గుర్తులేదు అని సర్దిచెప్పుకుంటారు. స్టెంటు వేసినప్పటి నుంచి రోజూ మింగే మాత్ర ఉండనే ఉంది, తప్పంతా దాని మీదకు పోతుంది.

ముసలివాళ్ల చర్మం పలచబడి ముంజేతుల మీద ఊదారంగు మచ్చలు రావడం మామూలే. వాటికి కంగారు పడక్కర్లేదు. చిన్నగా ఉంటాయి, నొప్పి ఉండదు, వాటంతటవే పోతాయి. భయపడాల్సిన కమిలిక వేరు. అది తొడ, పొట్ట, వీపు, మెడ లాంటి చోట్ల వస్తుంది, పెద్దదై పాకుతుంది, కింద కండ గట్టిపడి లాగుతుంది. దాంతోపాటు మనిషి పాలిపోతాడు, నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతాడు. లీటర్ల కొద్దీ నెత్తురు బయటికి చుక్క కారకుండానే తొడ కండల్లోనో, పొట్ట వెనకాలో చేరిపోగలదు. నాలుక కింద, గొంతు దగ్గర చేరితే ఊపిరికే ఎసరు.

లోపల ఏం చెడుతుందో తెలియాలంటే 2024 సెప్టెంబరులో బుడమేరుకు పడ్డ గండ్లను తలుచుకుంటే చాలు. గండి పూడ్చేటప్పుడు ఉత్త ఇసుక బస్తాలు వేస్తే ప్రవాహం లాక్కుపోతుంది. రాళ్లు నింపిన ఇనుప వల బుట్టలు దింపితేనే కట్ట నిలుస్తుంది. రక్తనాళానికి చిల్లు పడ్డప్పుడు ప్లేట్‌లెట్లు పరుగున వచ్చి బస్తాల్లా అడ్డం పడతాయి. వాటిని అల్లి బిగించే వల ఫైబ్రిన్ అనే నార. రక్తంలో అంకెల పేర్లతో తిరిగే ఫ్యాక్టర్లనే ప్రోటీన్లు ఒకదాన్నొకటి లేపుకుంటూ పోతే చివరకు ఆ నార తయారవుతుంది. తొమ్మిదో ఫ్యాక్టరు పదోదాన్ని లేపాలంటే ఎనిమిదోది తోడుండాలి. అక్వైర్డ్ హిమోఫిలియాలో ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ ఆ ఎనిమిదో ఫ్యాక్టరునే పరాయిదనుకుని, దాని మీదకు యాంటీబాడీలను తోలుతుంది. డాక్టర్లు వీటిని ఇన్హిబిటర్లంటారు. ప్లేట్‌లెట్లు వస్తాయి, అడ్డం పడతాయి, వల మాత్రం రాదు.

రక్తంలోనే గడ్డకట్టనివ్వని పదార్థం తిరుగుతున్న రోగిని గురించి లాజ్నర్, జాలిఫ్, టేలర్ అనే అమెరికన్ డాక్టర్లు 1940లోనే రాశారు. అప్పటికి ఎనిమిదో ఫ్యాక్టరుకు ఆ పేరు కూడా లేదు. ఇది ఎంతమందికి వస్తుందో గట్టి లెక్క తేలడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. 2001 నుంచి 2003 దాకా రెండేళ్లపాటు బ్రిటన్ డాక్టర్లు దేశంలోని రోగులందరినీ లెక్కపెట్టబోతే 172 మంది తేలారు. ఏటా పది లక్షల మందికి దాదాపు ఒకటిన్నర. వయసును బట్టి విడదీస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. పదహారేళ్లలోపు పిల్లల్లో దాదాపు లేనట్టే. ఎనభై ఐదు దాటినవాళ్లలో పది లక్షలకు పదిహేను దగ్గరికి చేరింది. రోగుల నడిమి వయసు 78.

ఆ రేటునే మన దగ్గరకు తెచ్చి చూస్తే 2011 జనాభా లెక్కల్లో 45 లక్షలున్న పాత కృష్ణా జిల్లాలో ఏటా ఆరేడుగురికి రావాలి. మన జనాభాలో ముసలివాళ్ల పాలు బ్రిటన్ కన్నా తక్కువ కాబట్టి ఇంకాస్త తగ్గుతుందేమో. ఎలా చూసినా సున్నా కాదు. పైగా డెల్టా పల్లెల్లో పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లాక పెద్దవాళ్లే మిగిలిన ఇళ్లు పెరుగుతున్నాయి. ఆ ఇళ్లలో కమిలిన తొడను చూసే కళ్లు తక్కువ. సాయంత్రం వీడియో కాల్‌లో ముఖం కనిపిస్తుంది, పంచె కింద కాలు కనిపించదు.

ఎందుకు వస్తుంది? సగం మందిలో కారణం దొరకదు. 2003 నుంచి 2008 వరకు పదమూడు ఐరోపా దేశాల నుంచి 501 మంది రోగుల వివరాలు సేకరించిన ఈచ్-2 రిజిస్ట్రీ చెప్పిన మాట అదే. మొత్తం రోగుల్లో నూటికి పన్నెండు మందికి క్యాన్సర్, దాదాపు అంతే మందికి కీళ్లవాతం, లూపస్ లాంటి మరో ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నట్టు తేలింది. అందుకే ఈ జబ్బు తేలిన పెద్దవాళ్లకు ఎక్కడైనా క్యాన్సర్ గడ్డ దాగుందేమోనని వెతుకుతారు. నూటికి ఎనిమిది మంది మాత్రం ముసలివాళ్లు కారు, బాలింతలు. కాన్పయిన కొన్ని వారాలకో, రెండు మూడు నెలలకో వాళ్ల ఒళ్లు కమలడం మొదలవుతుంది. హిమోఫిలియా అంటే మగపిల్లలకే వచ్చే జబ్బని చదువుకున్నవాళ్లం కాబట్టి ఆడవాళ్లలో దాన్ని అనుమానించం. పుట్టుకతో వచ్చేదానికి ఆ మాట చాలావరకు నిజమే. నడుమ వచ్చే ఈ రకానికి ఆడా మగా తేడా లేదు. ఇంకో తేడా కూడా చూడాలి. పుట్టు హిమోఫిలియాలో రక్తం మోకాలి కీలులో, మోచేతి కీలులో చేరి కీళ్లను పాడుచేస్తుంది. దీనిలో కీళ్ల జోలికి పోవడం అరుదు, చర్మం కిందా కండల్లోనే ఎక్కువ.

ఇంత ప్రమాదమున్న జబ్బుకు తొలి దారి చూపేది మాత్రం ఏ లేబులోనైనా దొరికే మామూలు పరీక్ష. ఏపీటీటీ. సూర్యారావుపేటలో ఒక్కో వీధికి ఎన్ని లేబులున్నాయో లెక్కలేదు. ఆపరేషన్‌కు ముందు అక్కడ రోజూ జరిగే పరీక్షే ఇది.

దీన్ని ఎలా చేస్తారో కాస్త దగ్గరగా చూడటం మంచిది, ఎందుకంటే తప్పులు కూడా ఇక్కడే దొర్లుతాయి. లేత నీలం మూత ఉన్న గొట్టంలో ముందే సిట్రేటు అనే ద్రవం కొంచెం పోసి ఉంటుంది. గీత దాకా రక్తం నింపాలి, ఒక పాలు సిట్రేటుకు తొమ్మిది పాళ్లు రక్తం. ముసలివాళ్ల నరం దొరక్క సగంలో ఆపేస్తే గడ్డకట్టే సమయం లేనిపోని విధంగా పెరిగి కనిపిస్తుంది. హెపారిన్ పోసి ఉంచిన సెలైన్ గొట్టంలోంచి రక్తం లాగినా అంతే. గొట్టాన్ని గిర్రున తిప్పి పైకి తేలిన పసుపుపచ్చ ప్లాస్మాను వేరు చేస్తారు, దానికి మందులు కలిపి ఎన్ని సెకన్లకు గడ్డ కడుతుందో చూస్తారు. లేబును బట్టి 25 నుంచి 35 సెకన్ల చుట్టూ వస్తే బాగున్నట్టు. ఈ జబ్బులో అది 70, 80, ఒక్కోసారి ఇంకా పైకి పోతుంది. దాని జంట పరీక్ష పీటీ మాత్రం మామూలుగానే ఉంటుంది. రక్తం పలచబడటానికి ఇచ్చే అసిట్రాం వాడేవాళ్లలోనూ, కాలేయం చెడ్డవాళ్లలోనూ ముందుగా పెరిగేది పీటీ, దాంతోపాటు చెప్పే ఐఎన్ఆర్. కాబట్టి ఐఎన్ఆర్ బాగుంది, ప్లేట్‌లెట్లు బాగున్నాయి, ఏపీటీటీ ఒక్కటే పెరిగింది, ఒళ్లు కమిలింది అంటే అక్కడ ఆగి ఆలోచించాలి. స్టెంటు వేసినవాళ్లు మింగే ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ ఏపీటీటీని పెంచవు. కమిలిన తప్పును వాటి మీద వేసి రిపోర్టును పక్కన పెట్టేయడం ఈ జబ్బులో జరిగే పెద్ద పొరపాటు.

తర్వాతి అడుగు మిక్సింగ్ టెస్టు. రోగి ప్లాస్మాలో అంతే కొలత ఆరోగ్యవంతుల ప్లాస్మా కలుపుతారు. ఫ్యాక్టరు ఉత్తినే తక్కువైతే పక్కవాళ్లది కలవగానే లోటు తీరి, గడ్డకట్టే సమయం మామూలుకు దిగాలి. యాంటీబాడీ ఉంటే కొత్తగా వచ్చిన ఫ్యాక్టరును కూడా మింగేస్తుంది. అయితే ఎనిమిదో ఫ్యాక్టరు మీది యాంటీబాడీ నిదానంగా పనిచేస్తుంది. కలిపిన వెంటనే చూస్తే సమయం సరిదిద్దుకున్నట్టే కనిపించి డాక్టరును దారి తప్పించగలదు. ఆ మిశ్రమాన్ని 37 డిగ్రీల వేడి నీళ్లలో రెండు గంటలుంచి మళ్లీ చూడాలి. అప్పుడు సమయం మళ్లీ పెరుగుతుంది. ఆ రెండు గంటలు ఓపిక పట్టని లేబు నుంచి వచ్చిన రిపోర్టును నమ్మలేం. ఆ తర్వాత ఎనిమిదో ఫ్యాక్టరు ఎంత మిగిలిందో కొలుస్తారు, యాంటీబాడీ బలాన్ని బెథెస్డా యూనిట్లలో లెక్కిస్తారు. ఈ కొలమానం 1975లో ఖరారైంది. రెండు గంటల్లో ఫ్యాక్టరును సగానికి తగ్గించే యాంటీబాడీ ఒక యూనిట్. ఈ అంకె ఎంతున్నా రక్తస్రావం ఎంత తీవ్రంగా ఉంటుందో దాన్ని బట్టి చెప్పలేరు. ఫ్యాక్టరు కొంత మిగిలినవాళ్లు కూడా ప్రాణాపాయంలో పడ్డారు.

ఇక రోగి చుట్టూ జరిగే హడావుడి. అసలు నష్టం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. తొడ వాచిందని ఆర్ఎంపీ నడుముకు నొప్పి సూది వేస్తాడు, ఆ సూది గుచ్చిన కండలో ఇంకో గడ్డ. చీముగడ్డ అనుకుని ఎవరో కోసి చూస్తారు, కోసిన చోట నెత్తురు ఆగదు. పన్ను కదులుతోందని పీకుతారు. మూత్రంలో ఎరుపు కనిపించిందని లోపలికి గొట్టం పెట్టి చూస్తారు. ఒక్క ఏపీటీటీ చేయిస్తే ఇవన్నీ ఆగేవి. ఇలాంటి రోగికి కండకు సూదులు వద్దు, కోత వద్దు, బయాప్సీ వద్దు. రక్తపరీక్షకు సూది తప్పదు, గుచ్చిన చోట గట్టిగా అదిమి చాలాసేపు పట్టుకోవాలి. చేతికి అందిన విటమిన్ కె సూది, ప్లాస్మా సంచులు ఎక్కించడం కూడా మన ఆస్పత్రుల్లో అలవాటు. పీటీ బాగున్నచోట విటమిన్ కె చేసేదేమీ లేదు. ప్లాస్మాలో ఉండే కాస్త ఎనిమిదో ఫ్యాక్టరునూ యాంటీబాడీ మింగేస్తుంది. పుట్టు హిమోఫిలియా ఉన్న పిల్లలకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఇచ్చే ఫ్యాక్టర్ 8 మందు తెచ్చి పోసినా, యాంటీబాడీ బలంగా ఉంటే అదీ అంతే.

వైద్యం రెండు వైపుల నుంచి సాగాలి. ముందు నెత్తురు ఆపాలి, వెంటనే యాంటీబాడీ మూలం తెంచాలి.

ఆపడానికి ఎనిమిదో ఫ్యాక్టరుతో పని లేకుండా పక్కదారిన వల అల్లించే మందులున్నాయి. ఒకటి ముందే లేపి ఉంచిన ఏడో ఫ్యాక్టరు, రెండు మూడు గంటలకోసారి నరంలోకి ఇస్తారు. ఇంకొకటి ఫీబా, రోజుకు రెండు మూడు సార్లు. పందుల ఫ్యాక్టర్ 8 నమూనాతో తయారైన మందుకు 2014లో అమెరికా అనుమతి ఇచ్చింది. మనిషి ఫ్యాక్టరును గుర్తుపట్టే యాంటీబాడీ పందిదాన్ని అంతగా గుర్తుపట్టదు, అదే దాని బలం. ఈ మందుల ఖర్చు లక్షల్లో ఉంటుంది, ఇంటి పెద్ద కోసం పొలం అమ్మే మాటలు ఇక్కడ మొదలవుతాయి. అందుకని అన్ని కమిలికలకూ ఇవి వాడక్కర్లేదని కూడా చెప్పాలి. బ్రిటన్ లెక్కలో మూడో వంతు మందికి నెత్తురు ఆపే మందే అవసరం పడలేదు. చర్మం కింది కమిలిక ఎంత భయంకరంగా కనిపించినా హిమోగ్లోబిన్ నిలకడగా ఉంటే కనిపెట్టుకుని ఉండటమే వైద్యం. కండలోకి, పొట్టలోకి, తలలోకి పోతే మాత్రం ఆలస్యం కూడదు. ఇంకో మెలిక ఏమిటంటే ఈ వయసులో గుండెపోటు, పక్షవాతం ముప్పు ముందే ఉంటుంది. నెత్తురు ఆపే మందు మోతాదు మించితే అక్కర్లేని చోట గడ్డ కట్టిస్తుంది.

యాంటీబాడీని అణచడానికి స్టెరాయిడ్లు, సైక్లోఫాస్ఫమైడ్, రిటుక్సిమాబ్ వాడతారు. ఈచ్-2లో స్టెరాయిడ్ ఒక్కటే తీసుకున్నవాళ్లలో దాదాపు సగం మందికి, దానికి సైక్లోఫాస్ఫమైడ్ కలిపినవాళ్లలో నూటికి డెబ్బై మందికి నిలకడగా నయమైంది. అంకెలు ఆశ పుట్టించేవే. కానీ ఈ మందుల గురించి ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి తీరాల్సిన సంగతి ఒకటుంది. జర్మనీ, ఆస్ట్రియాల్లో 102 మందిని వెంటపడి చూసిన అధ్యయనంలో నూటికి ముగ్గురు రక్తస్రావంతో పోతే, పదహారు మంది ఇన్ఫెక్షన్‌తో పోయారు. రోగనిరోధక శక్తిని అణచినందుకు కట్టిన మూల్యం అది. షుగరు ఇంటింటా ఉన్న మన దగ్గర స్టెరాయిడ్ మొదలుపెట్టిన వారానికే చక్కెర అదుపు తప్పొచ్చు. ఎప్పుడో మానిన క్షయ తిరగబెట్టొచ్చు. రిటుక్సిమాబ్‌కు ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పదు. ఎనభై ఏళ్ల బలహీనుడికి పుస్తకంలో ఉన్న మోతాదంతా ఇవ్వడం కన్నా, తగ్గించి ఇచ్చి రోజూ కనిపెట్టుకునే డాక్టరు దొరకడం అదృష్టం.

ఈ చిక్కుకు కొత్త దారి ఎమిసిజుమాబ్. తొమ్మిదో ఫ్యాక్టరును ఒక చేత్తో, పదోదాన్ని ఇంకో చేత్తో పట్టి కలిపే మందు ఇది, అంటే ఎనిమిదోది చేసే పనిని అదే చేస్తుంది. చర్మం కింద వారానికోసారి ఇస్తారు. అక్వైర్డ్ హిమోఫిలియాకు జపాన్ 2022లో దీన్ని అనుమతించింది. మరుసటి ఏడు అచ్చయిన ఒక పరిశీలనలో జర్మనీ, ఆస్ట్రియా డాక్టర్లు 47 మందికి దీన్ని ఇచ్చి, రోగనిరోధక శక్తిని అణచే మందులను పన్నెండు వారాలు వాయిదా వేయగలిగారు. బలహీనంగా ఉన్న ముసలివాళ్లకు ఆ గడువు చాలా విలువైనది. ఈ మందు ఒంట్లో ఉన్నంతకాలం ఏపీటీటీ మామూలుగా కనిపించి మోసం చేస్తుందని మాత్రం ప్రతి లేబుకూ ముందే చెప్పాలి.

దీనికి దాయాదులూ ఉన్నాయి. వాన్ విల్లీబ్రాండ్ అనే ఫ్యాక్టరు తగ్గితే ముక్కు నుంచీ పేగుల నుంచీ నెత్తురు పోతుంది. కొందరిలో దానికి కారణం యాంటీబాడీ, కొందరిలో ఇరుకుపడ్డ గుండె కవాటం. ఇరుకు కవాటానికీ పేగు రక్తస్రావానికీ ఉన్న ముడిని 1958లో హైడ్ అనే డాక్టరు పసిగట్టాడు. కవాటం మారిస్తే చాలామందిలో ఆ రక్తస్రావం ఆగుతుంది. పదమూడో ఫ్యాక్టరు మీద యాంటీబాడీ పుడితే ఇంకా చిక్కు. జపాన్ ముసలివాళ్లలో దీన్ని బాగా గమనించారు. అప్పుడు పీటీ, ఏపీటీటీ రెండూ మామూలుగా వస్తాయి, అయినా కట్టిన గడ్డ కరిగిపోయి నెత్తురు పోతూనే ఉంటుంది. పదమూడో ఫ్యాక్టరు పరీక్ష ప్రత్యేకంగా అడిగితేనే చేస్తారు.

పటమటలో ఉన్నవాళ్లకైనా అవనిగడ్డలో ఉన్నవాళ్లకైనా దారి ఒకటే. కమిలిన చోటును ఫోటో తీసి, మచ్చ అంచున పెన్నుతో గీత గీసి తేదీ వేసుకోవాలి. గీత దాటి పాకిందంటే అదే పెద్ద కబురు. వాడుతున్న మాత్రల పట్టీలన్నీ డాక్టరు ముందు పెట్టి, ఆయన రాయకపోయినా "ఏపీటీటీ చేయిద్దామాండీ?" అని అడగడంలో తప్పు లేదు. పెరిగితే రక్తజబ్బుల నిపుణుడి దగ్గరకు వెళ్లాలి. విజయవాడలో జరగని పరీక్షలకు హైదరాబాదు నిమ్స్ ఉంది. కట్పాడిలో రైలు దిగి వెల్లూరు సీఎంసీకి పోవడం కూడా మన జిల్లాల్లో తరాల నాటి అలవాటే. అయితే తొడలో నెత్తురు చేరుతున్న ముసలాయనను రాత్రి రైలెక్కించడం కన్నా ముందు అక్కడి డాక్టరుతో ఇక్కడి డాక్టరు ఫోనులో మాట్లాడటం మేలు.

నయమయ్యాక కూడా వదిలేయకూడదు. అయిదారుగురిలో ఒకరికి తిరగబెడుతుంది. మొదటి ఆరు నెలలు నెలకోసారి, ఆ ఏడాది పూర్తయ్యేదాకా రెండు మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి ఏపీటీటీ, ఎనిమిదో ఫ్యాక్టరు చూపించుకోవాలి. ఫ్యాక్టరు మామూలుకు చేరాక గడ్డలు కట్టే ముప్పు మళ్లీ తలెత్తుతుంది, కొందరిలో ఫ్యాక్టరు ఉండాల్సిన దానికన్నా పైకి పోతుంది. రక్తస్రావం భయంతో ఆపేసిన స్టెంటు మాత్రను తిరిగి ఎప్పుడు మొదలుపెట్టాలో ఆ పరీక్షను బట్టే గుండె డాక్టరూ రక్తం డాక్టరూ కలిసి తేల్చాలి.